ఏ కష్టమూ లేని గల్లీ

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని చెబితే మా ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే, ఇనుము ఎలా కరిగిస్తారో చూశావా అని. చూడలేదు. పదకొండు రోజులున్నాను గానీ ఫ్యాక్టరీ గేటు ఆటోలోంచి చూసిందే. నేను తృప్తిగా చూసొచ్చింది ఒక మురుగుకాలవ. దాని గురించి చెబుతుంటే నా మొహం ఎందుకలా వెలిగిపోతుందని మా ఆయన అడుగుతున్నారు. ఆయన కోసమూ, అటువైపు వెళ్ళనివాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. పార్వతీపురంలో ఒక దఫా వార్డు కౌన్సిలరుగా చేశాను. రెండో దఫా ఓడిపోయాను. ఓడి చాలా ఏళ్ళయినా, ఏ ఊరు వెళ్ళినా ముందు కాలవలు, తరువాత వీధి దీపాలు, ఆ తరువాతే గుళ్ళు చూసే అలవాటు పోలేదు. కాశీ వెళ్ళినప్పుడు కూడా అంతే చేశానని ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

రైల్లో

మా చిన్నమ్మ కూతురు లక్ష్మి జంషెడ్‌పూర్ పక్కనే బాగ్‌బేరాలో ఉంటుంది. వాళ్ళాయన రైల్వేలో. ఇరవై ఏళ్ళుగా రమ్మంటోంది, ఇన్నాళ్ళకి కుదిరింది.

ఎదురు బెర్తులో ఒక పెద్దాయన కూర్చున్నాడు. రైలు పట్టాల పని చేసి రిటైరైన మనిషి. ఏ ఊరని అడిగితే టాటా అన్నాడు, జంషెడ్‌పూర్‌ని అక్కడ అలాగే అంటారు. అంతకుముందు ఏ ఊరన్నాను. "మా తాతది సోంపేట దగ్గర. అక్కడికెల్తే మమ్మల్ని టాటావోలంటారు, ఇక్కడికొత్తే ఆంధ్రావోలంటారు. రెండు దిక్కులా పలకరిత్తారు, ఇంకేటి గావాల?" అని నవ్వి, తన డబ్బాలోంచి ఒక జంతిక తీసి ఇచ్చాడు. నేను మా ఊరి అరిసె ఇచ్చాను. అరిసె కొరికి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరువాత మిగతావి కూడా ఇటిచ్చేయమన్నట్టు చెయ్యి చాపాడు. ఇచ్చేశాను.

బాగ్‌బేరా, మొదటి రోజు

లక్ష్మి ఉండేది రైల్వే క్వార్టర్లు దాటాక ఒక చిన్న గల్లీలో. పదిహేడు ఇళ్ళు, పదమూడు కాలవకి ఇటు, నాలుగు అటు. ఆ కాలవని వాళ్ళు నాలా అంటారు. అటువైపు వెళ్ళడానికి ఒక్క రాతి బద్ద అడ్డంగా పడేసి ఉంది. వెడల్పు మూరెడు.

పొద్దున్న పదకొండు గంటలకి గల్లీ అంతా గుసగుసగా మాట్లాడుకుంటోంది. ఎవరైనా పోయారేమోనని భయపడ్డాను. అదేం కాదట. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు నిద్రపోతుంటే ఆ ఇంటి గుమ్మానికి ఒక తువ్వాలు కడతారు. తువ్వాలు కనిపిస్తే కూరల బండివాడు కేకేయడు, పిల్లలు బంతి పట్టుకుని ఇంకో చివరికి పోతారు. మా ఊళ్ళో మధ్యాహ్నం పడుకుందామంటే మైకు లేని రోజు ఉండదు. ఈ తువ్వాలు పద్ధతి మనవాళ్ళకి చెప్పాలని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

లక్ష్మి కూతురితో తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలో జవాబిస్తుంది. ఇద్దరికీ అది వింతగా లేదు. నాకే మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి నొప్పెట్టింది.

సాయంత్రం నాలా అవతల కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవులూ? లచ్చిమి అప్పేనా? పార్వతీపురం నుంచొచ్చినావేటి? నాను రానేను తల్లీ, నువ్వే ఇటు రావాల!"

అప్పంటే అక్క. పిలిచినావిడ సత్తెమ్మత్త. డెబ్బై దాటాయి. రెండేళ్ళ కిందట వానలో ఆ రాతి మీంచి జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంట్లో కర్ర పట్టుకుని చకచకా తిరుగుతుంది, కొడుకు డ్యూటీకి వెళ్ళేలోపు వంట కూడా చేస్తుంది. ఆ బద్ద మాత్రం దాటలేదు. ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతారు. "పెళ్ళికూతుర్నేటి, మొయ్యడానికి?" అని అప్పటినుంచీ ఆస్పత్రికి కూడా తప్పించుకుంటోందట.

పిలిచాక వెళ్ళకపోతే ఎలా? బద్ద మీద కాలు పెట్టాను. రెండో అడుగు తడిలో పడింది. మాజీ కౌన్సిలరు ఒక కాలు మోకాలి దాకా నాలాలో, ఒక కాలు రాతి మీద. చూస్తున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి లాగారు, లాగాక కడుపు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సత్తెమ్మత్త. కాళ్ళు కడుక్కోవడానికి బిందెడు నీళ్ళిచ్చి, అల్లం టీ పెట్టింది.

"ఇలా లోపలే ఉండటం కష్టంగా లేదా అత్తా?" అని అడిగాను.

"కష్టమేటమ్మా? కూకుంటే అన్నీ నా దగ్గరికే వత్తన్నాయి. నువ్వు రానేదా? మా నాలుగో ఇంటి నర్సమ్మ దినం కూర అట్టుకొత్తాది, ఊసులట్టుకొత్తాది. బాగున్నాను."

టీ గ్లాసు సగం అయ్యాక కిటికీ వైపు చూస్తూ అంది. "సాయంత్రం కుళాయి కాడ ఆల్లందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వుతన్నారో ఇక్కడికి ఇనిపించదు."

వస్తున్నప్పుడు ఆ రాతి బద్దని మళ్ళీ ఒకసారి కొలిచి చూశాను.

సాక్చీ, కాసిడీహ్

మర్నాడు సాక్చీ బజారు. అక్కడ తినాల్సింది లిట్టీ. గోధుమపిండి ముద్దలో వేయించిన శనగల పిండి, వాళ్ళ మాటలో సత్తు, కూరి నిప్పుల మీద కాలుస్తారు, వంకాయ టమాటా కాల్చి మెదిపిన చోఖాతో ఇస్తారు. రెండు లిట్టీలు ముప్పై రూపాయలు. నేను మన బూరెని కొరికినట్టు నోట్లో పెట్టుకున్నాను. లోపల సత్తు పొగలు కక్కుతోంది. బండివాడు జాలిపడి ఒక ఉల్లిపాయ చేతిలో పెట్టాడు. అది దేనికో నాకు తెలియలేదు, అదీ తిన్నాను. టీ పది రూపాయలు, మట్టి పిడతలో ఇచ్చారు. తాగాక పారేయబుద్ధి కాక సంచీలో వేసుకున్నాను.

అక్కడి నుంచి కాసిడీహ్‌లో లక్ష్మికి తెలిసిన ఒక ఇంజనీరు గారింట్లో భోజనం. పప్పుచారు, వంకాయ వేపుడు. ఇంజనీరు గారి భార్య చాలా చురుకైన మనిషి. వీధి దీపం ఆరితే ఫోటో తీసి ఆఫీసువాళ్ళకి పంపుతుందట, చెత్త బండి రాకపోతే పంపుతుందట, పని అయ్యేదాకా రోజూ పంపుతుందట. వాళ్ళ వీధి అద్దంలా ఉంది. లక్ష్మి ఆ వీధిని నోరు తెరిచి చూసింది.

"మీరూ అడగొచ్చు కదే, ఆ నాలా మీద ఒక మంచి పలక?" అన్నాను ఆటోలో.

"అడగడానికి మనకేటి కష్టం అప్పా? పిల్లలు గెంతుకుంటూ ఎల్లిపోతారు," అంది లక్ష్మి.

"సత్తెమ్మత్తకి?"

లక్ష్మి ఆటోవాడికి దారి చెప్పడం మొదలెట్టింది.

పంచాయతీ ఆఫీసు

మూడోరోజు నేను ఊరుకోలేక లక్ష్మిని లాక్కుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ సర్పంచిని ముఖియా అంటారు. నలభై ఏళ్ళావిడ, సైకిల్ మీద వచ్చింది. నేనూ ఒకప్పుడు కౌన్సిలరునని చెప్పగానే కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. నా హిందీ విని నవ్వాపుకోవడానికి ఫైళ్ళ వైపు తిరిగింది.

ఆ పంచాయతీలో మంచి పని ఒకటి మొదలెట్టారు. ప్రతి గల్లీకి మనిషిని పంపి, జనం ఎలా ఉన్నారు, ఇల్లూ వీధీ హాయిగా ఉన్నాయా, దేనికి ఇబ్బంది పడుతున్నారు అని ఇంటింటా అడిగిస్తున్నారు. ఆ కాగితాల్ని బట్టే పనులు. మొదటి విడతలో మా గల్లీ కాగితాలు ముఖియా తీసి చూపించింది. పదిహేడు ఇళ్ళు. పదిహేడు కాగితాల మీదా ఒకటే మాట, సబ్ ఠీక్ హై, అంటే అంతా బాగుందని. ఇబ్బందులు అన్న గడిలో పదిహేడుసార్లు, లేవు.

"మా పంచాయతీలోకెల్లా సుఖమైన గల్లీ దీదీ మీది," అంది ముఖియా మెచ్చుకోలుగా.

సత్తెమ్మత్త కాగితం కూడా అందులోనే ఉంది. తుంటి విరిగి ఇంట్లో కూర్చున్న మనిషి కాగితం మీద కూడా, అంతా బాగుంది.

కిటికీలోంచి వెనక పెరడు కనిపిస్తోంది. పోతపోసిన సిమెంటు పలకలు, వెడల్పాటివి, పక్కన పట్టుకోవడానికి పైపులు బిగించే కన్నాలతో సహా, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటి ఇప్పించమన్నాను.

ముఖియా తల అడ్డంగా ఊపింది. "మీరు చుట్టాలు. గల్లీవాళ్ళ నోటి మాట కాగితం మీద ఉండాలి. అడిగినవాళ్ళు వేచి ఉంటే అడగనివాళ్ళకి ఎలా ఇస్తాను? నా గుమ్మం ముందు కూర్చుంటారు. గురువారం రెండో విడత సర్వే ఉంది. అప్పుడు చెప్పించండి. ఆ తరువాత జాబితా మూసేస్తాం, మళ్ళీ వచ్చే ఏడే."

ఆవిడ చెప్పింది న్యాయమే. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే చెప్పేదాన్ని.

కుళాయి దగ్గర పాఠం

సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్ళందరినీ నిలేశాను. అంతా బాగుందని ఎందుకు చెప్పారని.

ముందుగా నోరు విప్పింది నర్సమ్మ. సత్తెమ్మత్తకి రోజూ కూర పట్టుకెళ్ళే మనిషి ఈవిడే. యాభై అయిదేళ్ళుంటాయి, గల్లీలో అందరికంటే పెద్ద గొంతు.

"సర్వేకని ఆడపిల్ల ఎండనపడి గుమ్మంలోకొచ్చింది. మొదటిపాలి వచ్చిన మనిసి. కూకోబెట్టి ఇంత మజ్జిగియ్యాల గానీ, మాకిది నేదు అది నేదు అని ఏడుపు మొదలెడతామేటి? ఆ పిల్ల ఏటనుకుంటాది? ఈలింటికి ఎందుకొచ్చినాన్రా అనుకోదా?"

మిగతావాళ్ళు అంతే కదా అన్నట్టు తలలూపారు.

మా వార్డులో ఓట్ల కోసం తిరిగినప్పుడు ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ళిచ్చి, అంతా బాగుందమ్మా, మాకేం లోటు లేదమ్మా అన్నారు. నేను నమ్మి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. ఎందుకు ఓడిపోయానో ఇన్నేళ్ళ తరువాత బాగ్‌బేరా కుళాయి దగ్గర తెలిసింది.

సరే, నేర్పుదామని దిగాను. బుధవారం సాయంత్రం నేను సర్వే మనిషినయ్యాను, కళ్ళజోడు పెట్టుకుని, నోటు పుస్తకం పట్టుకుని. ఒక్కొక్కరూ నాకు కష్టం చెప్పాలి.

"మీకేమైనా ఇబ్బందా అమ్మా?"

"ఇబ్బందంటే..." అని నర్సమ్మ మొదలెట్టి, నా మొహం చూసి పకపకా నవ్వేసింది. "ఆగప్పా, మల్లా అడుగు." మళ్ళీ అడిగాను. "పలక గావాల," అంది, అని వెంటనే, "టీ తాగుతావేటి?" అంది.

నాలుగుసార్లు చెప్పించాను. చివరికి అందరూ పద్యం అప్పజెప్పినట్టు పలక కావాలి పలక కావాలి అన్నారు. తరగతి పాసైందనుకుని గర్వంగా వెళ్ళి పడుకున్నాను.

గురువారం

సర్వే అమ్మాయి పేరు సుష్మ. సంతాల్ గిరిజనుల పిల్ల, పాతికేళ్ళు దాటవు, నూనె రాసి గట్టిగా అల్లిన జడ. పొద్దున్నే వచ్చింది. మొదటి ఇల్లు లక్ష్మిది. లక్ష్మి అప్పటికే బూర్లు వండి పెట్టింది. నాకు అక్కడే అనుమానం తగిలింది.

సుష్మ హిందీలో అడిగింది, ఏమైనా ఇబ్బందులున్నాయా చాచీ అని. లక్ష్మి నా వైపు చూసింది. బూర్ల వైపు చూసింది. "అంతా బాగే, సబ్ ఠీక్ హై. ఇంకోటి తిను తల్లీ," అంది.

నేను వెనకనుంచి గిల్లాను. లక్ష్మి కదల్లేదు.

రెండో ఇంట్లో నిమ్మరసం, సబ్ ఠీక్. మూడో ఇంట్లో పులిహోర, సబ్ ఠీక్. గుమ్మానికి తువ్వాలు కట్టి ఉంటే లోపలివాళ్ళు బయటికొచ్చి మరీ గుసగుసగా సబ్ ఠీక్ అన్నారు. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. సాయంత్రమంతా నేర్పిన చదువు, రెండు బూర్లతో పోయింది.

నాలుగో ఇల్లు నర్సమ్మది. ఇక నా ఆశంతా ఆ గొంతు మీదే. సుష్మ అడిగింది.

"నాకేటి కష్టం తల్లీ? కాలూ సెయ్యీ ఆడతన్నాయి," అంది నర్సమ్మ. సుష్మ కాగితం మీద కలం పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"మా సత్తెమ్మప్పకే కష్టం," అంది నర్సమ్మ.

కలం ఆగింది.

ఇక చూడాలి. తెలుగూ హిందీ కలిపేసి, చేతులతో రాతి బద్ద వెడల్పు చూపిస్తూ, పడ్డ రోజు వాన ఎంత పడిందో, ఎముక ఏ వైపు విరిగిందో, కుర్రాళ్ళు కుర్చీ ఎత్తినప్పుడు సత్తెమ్మప్ప సిగ్గుతో కొంగు ఎలా మొహాన కప్పుకుందో, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. తన ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పని మనిషి, పక్కావిడ గురించి పావుగంట ఆగలేదు.

సుష్మ అంతా రాసుకుంది. తరువాత నాతో హిందీలో అంది. "మా ఊళ్ళోనూ ఇంతే దీదీ. చుట్టం వస్తే ముందు లోటాతో నీళ్ళిచ్చి మొక్కుతాం. మొక్కిన చేతులతో కష్టం ఎలా చెబుతాం? నేనే తప్పుగా అడిగాను."

లేచి మళ్ళీ మొదటి ఇంటికి వెళ్ళింది. ఈసారి మీకేం ఇబ్బంది అని అడగలేదు. మీ పక్కింటివాళ్ళకి ఏం ఇబ్బంది అని అడిగింది.

గట్టు తెగినట్టయింది గల్లీ. లక్ష్మి నోటికి అడ్డు లేకుండా పోయింది. చివరింటి అప్పల్రాజు మామకి చూపు ఆనదు, మలుపులో దీపం కావాలి. అప్పల్రాజు మామని అడిగితే ఆయనకేం ఇబ్బంది లేదు, ఎదురింటి కోడలికి నెలలు నిండుతున్నాయి, ఆటో లోపలిదాకా వచ్చేలా ఆ గుంత పూడ్చాలి. ప్రతి ఇంట్లోనూ ఇలా తలా ఒకటి, ప్రతి ఇంట్లోనూ తప్పకుండా సత్తెమ్మ. సుష్మ దగ్గర కాగితాలు చాలక నా నోటు పుస్తకం పేజీలు చింపి ఇచ్చాను.

ఆఖరున సుష్మ ఆ బద్ద దాటి సత్తెమ్మత్త దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను, ఈసారి చెప్పులు చేత్తో పట్టుకుని. పక్కింటివాళ్ళకి ఏం ఇబ్బందని సుష్మ అడిగితే సత్తెమ్మత్త ఆలోచించలేదు.

"మా నర్సమ్మ ఉంది కదా, దినం కూర గిన్నె అట్టుకుని ఆ రాయి మీంచి వత్తాది. దానికీ ఒయిసైపోతంది. ఏ దినం జారతాదో అని నాను కిటికీ కాడ ఊపిరి బిగబట్టుకుని సూత్తాను. దానికోసం ఒక పలక ఎయ్యండి బాబూ. నాకొద్దు. నాను బాగున్నాను."

నేను బయటికి వచ్చి నాలా గట్టు మీద కూర్చున్నాను. చిన్నపిల్లలా ఏడ్చాను. సంతోషమే అది, వేరే ఏమీ కాదు.

పలక వచ్చిన రోజు

ముఖియా ఆ పదిహేడు కాగితాలూ చదివిందట. ఇకనుంచి అన్ని గల్లీల్లోనూ ఆ ప్రశ్నే అడగాలని సుష్మకి చెప్పిందట. దీపానికీ గుంతకీ పైనుంచి మంజూరు రావాలి. పలకలు మాత్రం పెరట్లోనే ఉన్నాయి. సోమవారం పొద్దున్న ట్రాక్టరు వచ్చింది.

ఆరోజు ఏ గుమ్మానికీ తువ్వాలు లేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు కూడా పడుకోకుండా వచ్చి గడ్డపారలు పట్టారు. పాత బద్దని పక్కకి దొర్లించి, రెండు పలకలు పక్కపక్కన పరిచి, రెండు వైపులా పైపులు బిగించారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోవచ్చు. పిల్లలు అటూ ఇటూ పరుగులు. ముఖియా సైకిల్ మీద వచ్చి, దిగకుండానే దాని మీంచి అటు వెళ్ళి ఇటు వచ్చింది.

అందరూ సత్తెమ్మత్త కోసం చూస్తున్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "సిమెంటు ఆరనీండ్రా," అంది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కుర్రాళ్ళు నీరసపడిపోయారు. మంగళవారం కూడా రాలేదు. భయమేమో అంది లక్ష్మి. నాకూ అదే దిగులు. మర్నాడు రాత్రికి నా ప్రయాణం.

బుధవారం సాయంత్రం నేను సంచీలు సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. అవతల తలుపు తెరుచుకుంది. సత్తెమ్మత్త ఆకుపచ్చ చీర కట్టుకుంది, మడతల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు. ఒక చేత్తో కర్ర. రెండో చెయ్యి పైపు మీద వేసింది. ఎవరూ కదల్లేదు. ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చేసింది.

ఇటు గట్టు మీద కాలు పెట్టగానే అందరూ ఒకేసారి అరిచారు. ఎవరో కుర్చీ తెచ్చి కుళాయి పక్కన వేశారు. సత్తెమ్మత్త ఆ కుర్చీ వైపు చూసి, వద్దని తలూపి, గల్లీలోకి నడిచింది. నాలుగో ఇంటి ముందు ఆగి కర్రతో తలుపు తట్టింది.

"ఒలే నర్సమ్మా! ఇంట్లో ఉన్నావేటే?"

నర్సమ్మ పిండి చేతులతో బయటికి వచ్చింది.

సత్తెమ్మత్త ద్వారబంధం పట్టుకుని చెప్పులు విప్పింది. "రెండేళ్ళు నువ్వొచ్చినావు. ఇయ్యాల నానొచ్చినాను. కూకోమనవేటి?"

నర్సమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ పెట్టింది. కంగారులో పంచదార వెయ్యడం మరిచిపోయింది. సత్తెమ్మత్త ఆ చప్పిడి టీ అడుగుదాకా తాగి, గ్లాసు ముందుకు చాపి, ఇంకో గ్లాసు పొయ్యమంది.